అరసవల్లి యాత్ర – మా చిన్నదాని వేషము

అరసవల్లి సూర్యనారాయణస్వామిని సేవించి వచ్చినవారెందరో తమ యాత్రావృత్తాంతములను వ్రాసియున్నారు. నేను వ్రాయబూనినది కేవలము దేవాలయవర్ణనము కాదు. మా పదియేండ్ల యమ్మాయి యొక చలనచిత్రములో వేషము వేయుటయు, అందులకై మేము దళారు నెవ్వనిని నాశ్రయింపక తిరిగిన తిరుగుళ్లును ఆ క్షేత్రముతో ముడివడియున్నవి. ఇరుగుపొరుగు తల్లులు "మాకును చెప్పుమమ్మా" యని యడుగుచునే యున్నారు. ఒక్కొక్కరికి వేరువేరుగ చెప్పుటకంటె సోదరీమణులందరి యెదుట నుంచుట మేలని తోచినది. ఇందు నా తెలివితక్కువతనము కొంత బయటపడును. పడనిండు.

మావారు విజయనగరమున కనతిదూరమునగల యొక గ్రామములో నుపాధ్యాయులు. నేను బడికి బోయి చదివినదానను గాను. మా తండ్రిగారు భాగవతమును, మనుచరిత్రమును, కొంత సంస్కృతమును నాకింటనే చెప్పిరి. మయూరుని సూర్యశతకములోని శ్లోకములు కొన్ని వారివలననే నాకు కంఠస్థములైనవి. మా అమ్మాయికి పుట్టిన యేడాదికే కన్నులు కలకబారి యెడతెగక నీరు కారుచుండెడిది. విశాఖపట్టణమున నొక నేత్రవైద్యుడు చికిత్స చేసెను. మా అత్తగారు అరసవల్లి స్వామికి వెండికన్నులు సమర్పింతునని మ్రొక్కుకొనిరి. కన్నులు నయమైనది వైద్యునివలననా స్వామివలననా యని మా యింట నేటికిని వాదమే. మ్రొక్కు మాత్రము తొమ్మిదేండ్లు తీరకయే యుండెను.

ఒక సంవత్సరము పాఠశాల వార్షికోత్సవమున మా చిన్నది ప్రహ్లాదుని వేషము వేసినది. పద్యములను నేనే నేర్పితిని. సభ ముగిసిన పిమ్మట నొక పెద్దమనిషి మా యింటికి వచ్చి, "ఈ బిడ్డ సినిమాలో రాణించును. నాకందరును తెలిసినవారే" యని మూడుమారులు వచ్చి పోయెను. నాలుగవమారు ముప్పదివేల రూపాయలడిగెను. ఛాయాచిత్రములకు గొంత, ఏదో గుర్తింపుకార్డునకు గొంత, పెద్దల దర్శనమునకు గొంత యని లెక్క చెప్పెను. నేను నా రెండుపేటల గొలుసును పెట్టెలోనుండి తీసి, బజారునకు బోయి తూకము వేయించి వచ్చితిని. మావారికి చెప్పలేదు. గొలుసు పెట్టెలో తలక్రిందుగ మడిచియుండుట చూచి వారే కనిపెట్టిరి. కోపించుకొనలేదు. "పని యిచ్చువాడు మనకు జీతమియ్యవలెను గాని, మనవద్ద పుచ్చుకొనునా?" యని మాత్రమనిరి. ఇంత సులభమైన మాట నాకేల తట్టలేదో యిప్పటికిని తెలియదు. చిన్ననాడు నాకును నాటకములో నిలువవలెనని కోరిక యుండెడిది. మా యింట నది నోటితో ననదగిన మాట కాదు. ఆ కోరికయే గొలుసు తీయించెనేమో!

మావారి పూర్వశిష్యుడొకడు విశాఖపట్టణములో చలనచిత్రపు పనివారిలో నుండెను. వానిని విచారింపగా నొక కంపెనీవారు శ్రీకాకుళపు పల్లెకథ నొకదానిని తీయబోవుచు, ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల బాలికలకై ప్రకటన చేసియున్నారనియు, వారెవరివద్దను రుసుము పుచ్చుకొనరనియు దెలిపెను. కోరినవి స్వల్పము: పౌడరు, కాటుక, పూలజడ లేకుండ పగటివెలుగులో తీసిన ఛాయాచిత్రములు రెండు, బిడ్డ తన పేరు, వయస్సు, చదువుచున్న తరగతి చెప్పుకొని నిమిషముసేపు మాటలాడు కదలుబొమ్మ యొకటి. గోడకు నిలువబెట్టి మావారే తమ ఫోనుతో తీసిరి. పైస ఖర్చు కాలేదు. పట్టుపావడ కట్టనియ్యలేదని నేను రెండు దినములు మూతి ముడుచుకొని యుంటిని. మార్చి నెల 10వ తేదీ పగలు పదిగంటలకు శ్రీకాకుళమునకు రమ్మని వారమునకు జవాబు వచ్చెను.

ఆ తేదీ చూచి మా అత్తగారు చేతులు జోడించిరి. మార్చి 9, 10, 11 తేదీలలో సూర్యోదయకిరణములు గోపురము క్రిందుగ వచ్చి, అనివెట్టి మండపమును దాటి, గర్భాలయములోని స్వామి పాదములను సోకును. అక్టోబరు మొదటి దినములలో మరల నట్లే జరుగును. మ్రొక్కును, వేషపు ప్రయత్నమును నొక్క ప్రయాణమున దీర్పనెంచితిమి.

విజయనగరమున రైలెక్కి నెల్లిమర్ల, చీపురుపల్లి, సిగడాము మీదుగ పొందూరు చేరితిమి. పొందూరు ఖద్దరు మాట వినని గృహిణి యుండదు. అచ్చట ప్రత్తిని శుభ్రపరచుటకు వాలుగచేప దవడయెముకను నేటికిని వాడుదురు. ఆ సన్నని పండ్లతో గింజకంటిన నారను దువ్వి తీయుదురు. మాంసము ముట్టని యిండ్లవారు కట్టు మడిబట్టకు చేపదవడ యాధారమని మావారు నవ్విరి. దూసి దాటగానే నాగావళి. ఇసుకయే యెక్కువ, నడుమ నీటిపాయ. శ్రీకాకుళమునకు రైలుస్టేషను పట్టణములో లేదు. ఆమదాలవలసలో దిగి, ఎనిమిది మైళ్లు బస్సులో బోవలెను. మా పినతల్లిగారి యింట బస చేసితిమి. అచ్చటినుండి అరసవల్లి యొకటిన్నర మైలు.

దారిలో చిన్నదానికి విసుగు కలుగకుండ మావారు పూర్వపు బాలనటుల కథలు చెప్పిరి. 1932లో వెలువడిన మన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'యే గదా! దానిని బొంబాయిలో తీసిరి. ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావను బాలుడు. 1936లో సి. పుల్లయ్యగారు 'సతీ అనసూయ', 'ధ్రువవిజయము' అను రెంటిని పిల్లలచేతనే యాడించి కలకత్తాలో తీసిరి. తల్లిదండ్రులు బిడ్డలనంత దూరమెట్లు పంపిరో యని నాకు వింతగ దోచినది. అనసూయ వేషము వేసిన కృష్ణవేణియే పెద్దదై 1949లో 'మనదేశము' నిర్మించి రామారావుగారిని తెరకు దెచ్చినది. ఆమె నూరేండ్లు నిండి 2025లో దాటిపోయినది. 1963నాటి 'లవకుశ' సగములో ధనము చాలక యాగిపోయి యేండ్లు పట్టెను. ఆలోపల లవకుశులు వేసిన పిల్లలు పెరుగుచునే యుండిరి. ఇది విని మా అమ్మాయి పడిపడి నవ్వినది. 1967నాటి ప్రహ్లాదుడు రోజారమణి యను బాలిక యని వినగానే నిటారుగ కూర్చుండెను. 1997లో గుణశేఖరుగారు 'రామాయణము'ను సంపూర్ణముగ పిల్లలతోనే తీసిరి. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' తీసినవారు విశాఖపట్టణపు కంచరపాలెము పేటలోని జనులనే, పూర్వము నటన యెరుగనివారినే, చాలవరకు వేషములకు నిలిపిరి. ఈ కడపటి మాట నాకు ధైర్యమిచ్చినది.

9వ తేదీ తెల్లవారుజామున చీకటిలోనే క్షేత్రము చేరితిమి. ఈ యాలయమును 7వ శతాబ్దిలో కళింగమునేలిన గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించెననియు, 1778లో ఎలమంచిలి పుల్లాజీ పంతులుగారు జీర్ణోద్ధరణము చేసిరనియు చెప్పుదురు. నడుమ నాదిత్యుడు, నాలుగు మూలల గణపతి, శివుడు, పార్వతి, విష్ణువు. స్వామిది నల్లరాతి విగ్రహము, ఇంచుమించు నిలువెత్తు. రెండు చేతుల తామరమొగ్గలు, ప్రక్కల ఉషాపద్మాఛాయలు, క్రింద నేడు గుఱ్ఱముల పగ్గములు పట్టిన యరుణుడు. శ్రీకాకుళపు కోటేశ్వరుని వేళగాని వేళ చూడవచ్చిన యింద్రుని నంది తన్నగా, వాడీచోట పడి, స్వప్నమున నాజ్ఞ పొంది, వజ్రాయుధముతో త్రవ్వి యీ విగ్రహమును గనుగొనెనని స్థలపురాణము. ఆ త్రవ్విన గుంటయే యింద్రపుష్కరిణి. హర్షవల్లియే అరసవల్లి యైనదట. రథసప్తమినాడు జనసముద్రమే యగును. ఆ పండుగకు 2025లో ప్రభుత్వము రాష్ట్రోత్సవ మర్యాద కల్పించినది. మేము పోయినది సప్తమి కాకున్నను త్రోపుడున కొదువ లేదు.

ఆ యుదయమున తూర్పున మబ్బు పట్టెను. వేలమంది కన్నులప్పగించి నిలిచిరి. కిరణము రాలేదు. మా అత్తగారు వెండికన్నులను సమర్పించి, "రేపు వచ్చును లే" యని యూరడిల్లిరి.

ఇక నా నిర్వాకము వినుడు. మబ్బు విడిన పిమ్మట పుష్కరిణి మెట్లపై చిన్నదానిని నిలువబెట్టి, మరునాటి పరీక్షకై పద్యములు చదివించుచుంటిని. గట్టున పూలును కొబ్బరికాయలును అమ్ముకొను ముసలిది చాలసేపు చూచి చూచి, "ఓలమ్మా, ఆ గుంటని ఎండలో నిలబెట్టీసి సదివిత్తన్నావేటి? నీడకి ఒట్టుకురా, కళ్లు పోతాయి" అని కేకవేసినది. నాకు రోషము కలిగినది. బిడ్డను మరికొంత దూరము దీసికొనిపోయి, "అట్టి భాష నీ నోట రాగూడదు సుమా!" యని కూడ హెచ్చరించితిని.

10వ తేదీని ఆకాశము కడిగినట్లుండెను. కిరణము మండపములోనికి గీతవలె వచ్చి, కొంత జరిగి, స్వామి పాదములపై నిలిచెను. కొలది నిమిషములే. ఎవరును మాటలాడలేదు, కొందరు స్త్రీలు కన్నీరు పెట్టుకొనిరి. నల్లరాయి యచ్చటచ్చట బంగారు చాయ దేరెను. మా అమ్మాయిని మావారు భుజములకెత్తి చూపిరి. నేను దాని కన్నులనే చూచుచుంటిని. ఆవైపు తిరిగి నేను చూచునప్పటికి కిరణము తొలగిపోవుచుండెను.

పదిగంటలకు కంపెనీవారు బస చేసిన చోటికి బోయితిమి. ఇరువది ముప్పదిమంది తల్లులు. పట్టుపావడలు, గాజులు, నాట్యపుటాభరణములు! మా చిన్నది బడికి బోవు గౌనులో నుండుటచే నాకు తలవంపుగ నుండెను. లోపల దర్శకుడు, ఇద్దరు యువకులు, ఒక స్త్రీ కూర్చుండిరి. తల్లి లోపల నుండవచ్చుననిరి. ఇది నాకు నచ్చినది. తల్లిని వెలుపల నుంచి బిడ్డను లోనికి బిలుచు చోటికి మీరు పోవలదు. మా అమ్మాయి ప్రహ్లాదుని పద్యము రెండు చదివెను. దర్శకుడు మర్యాదగ విని, "బాగున్నదమ్మా. ఇక మీ యూరివారెట్లు మాటలాడుదురో యట్లు నాతో మాటలాడు" మనెను.

అది నావైపు చూచినది. పెదవులు కదలినవిగాని మాట రాలేదు. పదేండ్లుగా 'ఏటి' యనిన చాలు చెవి మెలిపెట్టితిని. ఆ మౌనము నా పెంపకము. ఆ స్త్రీ మరల నడిగెను. గది నిశ్శబ్దముగ నుండెను. నేను తలయూపితిని. ఎందులకూపితినో యప్పుడు నాకు తెలియదు. వెంటనే అది నడుముపై చేయి నుంచి, మెడ ముందునకు జాచి, "ఓలమ్మా, ఆ గుంటని ఎండలో నిలబెట్టీసి సదివిత్తన్నావేటి?" అని పుష్కరిణి ముసలిదానిని దించినది. నిన్న నాకై వచ్చిన చీవాట్లను నా ముఖముననే యప్పగించెను. అందరును నవ్విరి. నేనును నవ్వక తప్పినది కాదు.

పండ్రెండు దినములకు వర్తమానము వచ్చెను: మేనెలలో నాలుగు దినముల పని, కళింగపట్టణము దాపున నొక పల్లెలో. నేను గంతులు వేయబోతిని. మావారు మాత్రము జిల్లా మేజిస్ట్రేటుగారి యనుమతిపత్రము సంగతి యడిగిరి. మాతో మాటలాడిన యువకుడు, "చిన్నవేషమునకు ఎవరడుగుదురండీ? మీకు పట్టింపైనచో మరియొక బిడ్డ సిద్ధముగ నున్నది" అనెను. ఆ రాత్రి నేను మావారితో పోట్లాడితిని. వచ్చిన లక్ష్మిని కాలదన్నుచున్నారంటిని. వారు పుస్తకము తెచ్చి చదివి వినిపించిరి. మనదేశమున బాలకార్మిక నిషేధచట్టమును 2016లో సవరించినపుడు, చలనచిత్రములలో పిల్లలు నటింపవచ్చునని యనుమతించుచునే నిబంధనలు పెట్టిరి. 2017లో వాని వివరములు వెలువడెను. నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు ననుమతి పొందవలెను. బిడ్డ సమ్మతి యుండవలెను. దినమున కైదు గంటలకు మించియు, విశ్రాంతి లేక మూడు గంటలకు మించియు పని చేయింపరాదు. వరుసగా 27 దినములకు మించరాదు. ప్రతి యైదుగురు పిల్లలకొక బాధ్యతగల మనిషి యుండవలెను. వచ్చిన సొమ్ములో 20 శాతమైనను జాతీయబ్యాంకులో బిడ్డ పేర నిలువచేసి, యుక్తవయస్సు వచ్చినపుడు దానికే చెందనియ్యవలెను. చదువునకు భంగము రాగూడదు. "ఇది యడుగుట పట్టింపు కాదు. అడుగనిచో మనము తల్లిదండ్రులమెట్లు?" అనిరి. నేను ప్రత్యుత్తరమియ్యలేదు. అట్లని యొప్పుకొననును లేదు.

తొమ్మిది దినములు ఫోను మ్రోగలేదు. చిన్నది ఫోను దగ్గరనే కూర్చుండి పాఠములు వ్రాసికొనెడిది. అడుగదు, మ్రోగినప్పుడు మాత్రము తలయెత్తును. పదవనాడు, పరీక్షలో గూర్చున్న స్త్రీయే స్వయముగ మాటలాడి, దరఖాస్తు కలెక్టరు కచేరీలో నిచ్చితిమనియు, మీరడిగినది న్యాయమేయనియు చెప్పినది.

కళింగపట్టణము వంశధార సముద్రమున కలియుచోటు. దీపస్తంభము కలదు. పల్లెవారు మమ్ము తమ బిడ్డలవలె చూచిరి. చిత్రము తీయుట చూడబోయిన విసుగైన పని. ఒక్క మాటకై గంటసేపు త్రాళ్లు, దీపములు సర్దుదురు. ఎండను ముఖముపైకి మరలించుటకు వెండికాగితము నంటించిన పలకలు పట్టుదురు. ఆ మెరుపు చూచిననాడు నాకు ప్రాణములు పోయినవి. దర్శకునితో దాని కన్నుల సంగతి చెప్పగా, పలకకు తెల్లగుడ్డ కప్పించి, నడుమనడుమ నీడకు పంపుచుండెను. మొదటి రెండు దినములును నేను గడియారము చేత బట్టుకొని గంటలు లెక్కించితిని.

మూడవనాటి సాయంకాల మైదు గంటలు నిండినవి. సూర్యుడు తాటితోపు వెనుక క్రుంగుచుండెను. "ఈ వెలుగు రేపు దొరకునో లేదో, ఒక్క యరగంట" యని దర్శకుడు నన్ను బ్రతిమాలెను. ముప్పదిమంది నావైపు చూచుచుండిరి. చిన్నదియు "చేస్తానమ్మా" యనెను. మావారు రొట్టెలు తెచ్చుటకు బజారునకు బోయియుండిరి. నేను సరేనంటిని. ఆ యరగంట నలుబది నిమిషములైనది. ఆ రాత్రి దాని కన్నులెఱ్ఱబారి నీరు కారినవి. మావారు నన్నేమియు ననలేదు. తడిగుడ్డ మార్చుచు తెల్లవారువరకు కూర్చుండిరి. నాలుగవనాడు పని మధ్యాహ్నము వరకే పెట్టుకొనిరి. పిమ్మట వైద్యునికి జూపితిమి. దుమ్ము, ఎండ కారణమనియు, ప్రమాదము లేదనియు జెప్పి చుక్కలమందిచ్చెను. అయినను ఆ నలుబది నిమిషములును నా లెక్కలోనివే. గొలుసు తూకము వేయించిన నన్ను నేను మన్నించుకొంటిని గాని, దీనికింకను మన్నించుకొనలేదు.

సొమ్మంతయు దాని పేరనే బ్యాంకులో వేసితిమి. అక్టోబరులో మరల అరసవల్లికి బోయితిమి. ఆనాడును మబ్బే. పుష్కరిణి గట్టున ముసలిది తన చోటనే యుండెను. చిన్నది పరుగెత్తి, "అమ్మమ్మా, నీ మాట సినిమాలో సెప్పినాను!" అనెను. ఈమారు నేను చెవి పట్టుకొనలేదు.

"అయితే నాకేటిచ్చినారే?" యని ముసలిదడిగినది.

చిన్నది కొంచెమాలోచించి, "డబ్బు బ్యాంకులో ఉంది. నాకు పద్దెనిమిదేళ్లు రావాలి" అనెను.

"అంతవరకు నానుంటానేటే, గుంటా!" యని అది బోసినోటితో నవ్వినది.

బుట్టలో మిగిలిన పూలన్నియు మావారు కొనిరి. బుట్టతో సహా మోసికొని చిన్నది గుడివైపు ముందు నడచినది.